మెంతి మొలకల కోసం మూడు వారాల వెతుకులాట

2011 మే మధ్యలో ఉత్తర జర్మనీ ఆసుపత్రులకు ఒకే తరహా రోగులు వరసగా రాసాగారు. ముందు కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆ వెంటనే నెత్తురు విరేచనాలు. వారం తిరిగేలోపు కొందరికి మూత్రం తగ్గిపోయి ఒళ్లు ఉబ్బేది. ఇంకొందరికి మాట తడబడేది, ఫిట్స్ వచ్చేవి. డాక్టర్లకు ఈ జబ్బు కొత్తదేమీ కాదు. పచ్చిపాలు, సరిగ్గా ఉడకని గొడ్డుమాంసం వల్ల ఏటా కొందరు పసిపిల్లలకు వచ్చేదే. కానీ ఈసారి మంచాల మీద ఉన్నవాళ్లలో అత్యధికులు పెద్దవాళ్లు. వాళ్లలోనూ మూడింట రెండు వంతుల మంది ఆడవాళ్లు. అంతకుముందు వరకూ ఆరోగ్యంగా తిరిగినవాళ్లు, ఏం తింటున్నామో చూసుకుని తినేవాళ్లు.

మే 19న హాంబర్గ్ నుంచి బెర్లిన్‌లోని రాబర్ట్ కోఖ్ ఇన్‌స్టిట్యూట్‌కు కబురు వెళ్లింది. జర్మనీలో అంటువ్యాధుల మీద కన్నేసి ఉంచే జాతీయ సంస్థ అది. ముగ్గురు పిల్లలకు ఒకేసారి కిడ్నీలు దెబ్బతిన్నాయన్నది ఆ కబురు. మర్నాడే ఒక బృందం హాంబర్గ్ చేరింది. అది అడుగుపెట్టేసరికే సంగతి ముగ్గురు పిల్లలను దాటిపోయింది. జులై చివర్లో వ్యాప్తి ఆగిందని ప్రకటించే నాటికి జబ్బుపడినవాళ్లు దాదాపు 3,800 మంది. వాళ్లలో సుమారు 850 మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. 50 మందికి పైగా చనిపోయారు.

కారణం మెంతి మొలకలు. సలాడ్ మీద అలంకారానికి చల్లే చిటికెడు మొలకలు. మొలకలే కారణమని అధికారికంగా చెప్పడానికి జూన్ 10 దాకా పట్టింది. అంటే మూడు వారాలకు పైగా. డబ్బుకు, ల్యాబులకు, చదువుకున్న మనుషులకు ఏ లోటూ లేని దేశంలో ఇంత ఆలస్యం ఎందుకైంది? కావలసిన సమాచారం లేక కాదు. కొంత ఆసుపత్రుల దగ్గర, కొంత హోటళ్ల వంటగదుల్లో, కొంత కూరగాయల వ్యాపారుల బిల్లు పుస్తకాల్లో అది మొదటి నుంచీ ఉంది. ఈ మూడింటి మీదా అజమాయిషీ చేసే అధికారులు వేర్వేరు శాఖలవాళ్లు. వాళ్లంతా ఒక గదిలో కూర్చున్నాక జవాబు వారం రోజుల్లో వచ్చేసింది.

లోపల ఏం జరిగింది

ఇ.కోలై అనే బ్యాక్టీరియా మనందరి పేగుల్లోనూ ఉంటుంది. అందులో చాలా రకాలు మనల్ని ఏమీ చేయవు. కొన్ని రకాలు మాత్రం షిగా అనే విషాన్ని తయారు చేస్తాయి. ఈ విషం పేగు గోడ దాటి రక్తంలో చేరుతుంది. సన్నని రక్తనాళాల లోపలి పొరకు అతుక్కోగల అమరిక దానికి ఉంది. అలాంటి సన్ననాళాలు కిక్కిరిసి ఉండే చోటు కిడ్నీ. నాళాల పొర దెబ్బతినగానే అక్కడ చిన్నచిన్న గడ్డలు కడతాయి. వాటి మధ్య నుంచి దూరిపోవలసిన ఎర్రకణాలు చిట్లిపోతాయి. గడ్డల్లోనే ఖర్చయిపోయి ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. కిడ్నీ వడపోత ఆగుతుంది. రోగికి రక్తహీనత, ప్లేట్‌లెట్ల కొరత, కిడ్నీ వైఫల్యం మూడూ కలిసి రావడానికి కారణం ఇదే.

జర్మనీలో బయటపడిన రకానికి శాస్త్రవేత్తలు ఇచ్చిన గుర్తు ఓ104:హెచ్4. పేగు గోడను గట్టిగా పట్టుకుని గుంపులుగా పెరగడం దీనికి మొదటి నుంచీ ఉన్న లక్షణం. మామూలుగా అది నీళ్ల విరేచనాలు కలిగించే రకం. బ్యాక్టీరియాలకు సోకే ఒక వైరస్, షిగా విషం తయారు చేసే జన్యువును మోసుకొచ్చి దీనిలో చేర్చింది. పట్టు విడవని గుణం, విషం తయారు చేసే గుణం ఒకే జీవిలో కలిశాయి. పిల్లలకే వస్తుందనుకున్న కిడ్నీ జబ్బు పెద్దవాళ్లను ఇంతగా పట్టుకోవడానికి ఈ కలయికే కారణమని చాలామంది పరిశోధకుల అంచనా. హాంబర్గ్ వైద్యులు, చైనాలోని జన్యు పరిశోధన సంస్థ కలిసి జూన్ మొదటి వారానికే దీని జన్యుపటాన్ని చదివి అందరికీ అందుబాటులో పెట్టారు. పలు దేశాల పరిశోధకులు దాన్ని రోజుల్లో విశ్లేషించారు. శాస్త్రం అంత వేగంగా నడిచింది. కానీ ఆ జీవి ఎవరో తెలిసినంత మాత్రాన అది ఏ పళ్లెంలోంచి వచ్చిందో తెలియదు.

జ్ఞాపకం చేసిన మోసం

తిండి వల్ల జబ్బు వచ్చిందని అనుమానం రాగానే ఆరోగ్యశాఖవాళ్లు చేసే మొదటి పని, రోగుల్ని కూర్చోబెట్టి ఏమేం తిన్నారో అడగడం. ఆ తర్వాత అదే ఊళ్లో, అదే వయసులో, జబ్బు పడనివాళ్లను కూడా అవే ప్రశ్నలు అడుగుతారు. రోగులు ఎక్కువగా తిని, మిగిలినవాళ్లు తక్కువగా తిన్న పదార్థం ఏదో చూస్తారు. ఈ పద్ధతి ఎన్నోసార్లు పనిచేసింది. ఈసారి దెబ్బతింది.

రోగులు చెప్పిన జాబితాలో పచ్చి టమాటాలు, దోసకాయలు, ఆకు సలాడ్లు మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపించాయి. అది నిజమే. మొలకలు చల్లేది ఆ సలాడ్ల మీదే కదా! మొలకల గురించి మొదట్లోనే అడిగారు కూడా. కానీ లోతుగా ప్రశ్నించిన 12 మందిలో వాటిని గుర్తు చేసుకున్నవాళ్లు ముగ్గురే. దాంతో తర్వాతి ప్రశ్నపత్రంలోంచి మొలకలు జారిపోయాయి. పెళ్లి భోజనంలో తిన్న బిర్యానీ గుర్తుంటుంది కానీ దాని మీద చల్లిన కొత్తిమీర గుర్తుండదు. పైగా ఈ రకం బ్యాక్టీరియా కడుపులో చేరిన తర్వాత లక్షణాలు కనిపించడానికి సగటున ఎనిమిది రోజులు పట్టింది. వారం కిందటి మధ్యాహ్నం హోటల్లో తిన్న సలాడ్‌లో ఏమేం ఉన్నాయో, డయాలసిస్ మీద ఉన్న మనిషి చెప్పాలి.

మే 25న పచ్చి టమాటాలు, దోసకాయలు, ఆకుకూరల సలాడ్లు తినొద్దని ప్రకటన వెలువడింది. మర్నాడు హాంబర్గ్ అధికారులు ఇంకో అడుగు ముందుకు వేశారు. మార్కెట్లో తీసిన స్పెయిన్ దోసకాయల మీద షిగా విషం తయారు చేసే ఇ.కోలై దొరికిందని ప్రకటించారు. పత్రికలకు అంతకంటే ఏం కావాలి? యూరప్ అంతటా స్పెయిన్ కూరగాయల కొనుగోళ్లు పడిపోయాయి. పంటను తోటల్లోనే పారబోశారు. మే 31న పూర్తి పరీక్ష ఫలితం వచ్చింది. దోసకాయల మీద ఉన్నది వేరే రకం బ్యాక్టీరియా, రోగుల కడుపులో ఉన్నది కాదు. ఈలోగా జరగవలసిన నష్టం జరిగిపోయింది. జూన్ 2న రష్యా యూరోపియన్ యూనియన్ నుంచి కూరగాయల దిగుమతినే ఆపేసింది. చివరికి యూనియన్ తన రైతులకు 20 కోట్ల యూరోలకు పైగా పరిహారం చెల్లించవలసి వచ్చింది.

ఇందులో హాంబర్గ్ ల్యాబు తప్పేమీ లేదు. దానికి కనిపించింది అది చెప్పింది. రోగుల నమూనాలతో సరిపోల్చి చూసే దాకా ఆ మాట బయటికి రాకుండా ఉండవలసింది. సరిపోల్చడానికి ఇద్దరు కావాలి. రోగి మలంలోని బ్యాక్టీరియా వైద్య ల్యాబులో ఉంది, దోసకాయ మీది బ్యాక్టీరియా ఆహార ల్యాబులో ఉంది. ఇద్దరూ కలిసి ఒకే మాట చెప్పే ఏర్పాటు అప్పటికి లేదు.

బాక్స్: మొలకలే ఎందుకు?

*గింజ మీద సన్నని పగుళ్లుంటాయి. పొలంలోనో, గోదాములోనో, పేడ నీళ్ల వల్లనో అక్కడ కొద్దిపాటి బ్యాక్టీరియా చేరిందనుకోండి. ఎండిన గింజ మీద అది పెరగదు. కానీ చావదు కూడా. నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు అలాగే ఉండిపోగలదు. గింజను నానబెట్టి, వెచ్చగా, తడిగా మూడు నుంచి ఏడు రోజులు ఉంచితే మొలకకు కావలసిన పరిస్థితులన్నీ బ్యాక్టీరియాకూ సరిగ్గా సరిపోతాయి. పగుళ్లలో పదుల్లో ఉన్నది మొలక చేతికొచ్చే వేళకు లక్షల్లోకి పెరగవచ్చు. పైపైన కడిగితే పోదు. ఉడికిస్తే చస్తుంది. 1996లో జపాన్‌లోని సకాయ్ నగరంలో బడి భోజనం తిన్న వేలాది మంది పిల్లలు జబ్బుపడితే అనుమానం ముల్లంగి మొలకల మీదకే పోయింది. మెంతుల్ని నూనెలో వేయించి పోపు పెట్టే మన వంటకు ఈ బెడద దాదాపు లేదు. పచ్చి మొలకలు తినే అలవాటు మాత్రం ఇప్పుడు మన ఇళ్లలోనూ పెరిగింది. గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్లు, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మొలకల్ని ఆవిరి మీద ఉడికించుకుని తినడమే మంచిది.*

వంటవాళ్లను అడిగారు

రోగుల జ్ఞాపకం పనికిరాదని తేలాక రాబర్ట్ కోఖ్ ఇన్‌స్టిట్యూట్ బృందం దారి మార్చింది. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

ఉత్తర జర్మనీలో ఒకే హోటల్లో తిన్న వేర్వేరు బృందాల్లో కొందరు జబ్బుపడినట్టు తెలిసింది. మే మధ్యలో అక్కడికి వచ్చిన పది బృందాలను, మొత్తం 152 మందిని, బుకింగ్ పుస్తకం పట్టుకుని వెతికారు. వాళ్లలో 31 మందికి జబ్బు వచ్చింది. ఈసారి వాళ్లను 'టమాటాలు తిన్నారా, మొలకలు తిన్నారా' అని అడగలేదు. 'ఏ వంటకం తెప్పించుకున్నారు' అని మాత్రమే అడిగారు. బిల్లులు చూశారు. భోజనం దగ్గర తీసుకున్న ఫొటోల్లో పళ్లేలు వెతికారు. ఆ తర్వాత నేరుగా వంటగదిలోకి వెళ్లారు. ఫలానా వంటకంలో ఏమేం వేస్తారు, ఎంత వేస్తారు, పక్కన సలాడ్ పెడతారా, దాని మీద ఏం చల్లుతారు అని వంటవాళ్లను అడిగి ఒక్కో వంటకానికీ జాబితా రాసుకున్నారు. తిన్నవాళ్లకు తెలియని సంగతి వండినవాళ్లకు కచ్చితంగా తెలుసు.

లెక్క కడితే టమాటాలూ దోసకాయలూ పక్కకు పోయాయి. మొలకలు వడ్డించిన పళ్లెంలో తిన్నవాళ్లకు జబ్బు ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు 14 రెట్లు ఎక్కువని తేలింది. జబ్బుపడిన 31 మందికీ మొలకలు వడ్డించారు. ఒక్కరు కూడా మినహాయింపు లేరు.

సరుకు వెనక నడిచినవాళ్లు

అదే సమయంలో ఇంకో బృందం వ్యతిరేక దిశ నుంచి వస్తోంది. జర్మనీలో మనుషుల జబ్బులు ఆరోగ్య మంత్రిత్వ శాఖ కింద, ఆహార భద్రత వ్యవసాయ, ఆహార మంత్రిత్వ శాఖ కింద ఉంటాయి. ఆ రెండో శాఖ కింద మళ్లీ రెండు సంస్థలున్నాయి. ఒకటి ముప్పు ఎంతో అంచనా వేసేది, రెండోది తనిఖీల్ని సమన్వయం చేసేది. వీటికి తోడు 16 రాష్ట్రాలు, వాటి సొంత తనిఖీ విభాగాలు. మొదటి కబురు అందిన రెండు వారాలకు, జూన్ 3న, వీళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి బెర్లిన్‌లో ఉమ్మడి దళం ఏర్పాటు చేశారు. యూరోపియన్ ఆహార భద్రత సంస్థ, అంటువ్యాధుల కేంద్రం నుంచి కూడా నిపుణులు వచ్చారు.

దళం చేసిన పని చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది. ఆరోగ్యశాఖ తన దగ్గరున్న రోగుల గుంపుల జాబితా ఇచ్చింది. ఫలానా హోటల్లో ఇంతమంది, ఫలానా క్యాంటీన్లో ఇంతమంది అని. ఆహార తనిఖీవాళ్లు ఆ చోట్లకు వెళ్లి బిల్లులు, డెలివరీ చీటీలు తెచ్చారు. ప్రతి కూరగాయా ఎవరి దగ్గర కొన్నారు, అతను ఎవరి దగ్గర కొన్నాడు, అతనికి ఎక్కడ నుంచి వచ్చింది అని వెనక్కి నడిచారు. వేర్వేరు ఊళ్ల దారులన్నీ ఎక్కడ కలుస్తాయో చూశారు. లోయర్ శాక్సనీ రాష్ట్రంలోని ఒక చిన్న మొలకల తోట దగ్గర అవి కలిశాయి. చివరికి 41 రోగ గుంపులను ఆ ఒక్క తోటకు ముడిపెట్టగలిగారు. ఆ తోట పనివాళ్లలోనూ కొందరికి విరేచనాలయ్యాయి.

ఒక రోగి ఇంటి చెత్తబుట్టలో దొరికిన, అప్పటికే తెరిచిన మొలకల ప్యాకెట్లో బ్యాక్టీరియా బయటపడింది. తెరిచిన ప్యాకెట్ కాబట్టి ఇంట్లోని రోగి చేతి నుంచే దానికి అంటి ఉండవచ్చు. ఒంటరిగా చూస్తే అది బలహీనమైన సాక్ష్యం. కానీ వంటగది లెక్క, బిల్లుల దారి రెండూ ఒకే వైపు చూపించాయి కాబట్టి జూన్ 10న మూడు జాతీయ సంస్థలూ ఒకే గొంతుతో మొలకల పేరు చెప్పగలిగాయి. టమాటాలు, దోసకాయల మీది హెచ్చరికను ఎత్తేశాయి.

అసలు చిక్కుముడి ఆ తర్వాత వీడింది. జూన్‌లోనే ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం పక్కన బెగ్లె అనే ఊళ్లో ఒక పిల్లల కేంద్రంలో జరిగిన వేడుకకు వెళ్లినవాళ్లలో కొందరు ఇదే జబ్బుతో ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లెవరూ జర్మనీ మొలకలు తినలేదు. స్థానికంగా మొలకెత్తించినవి తిన్నారు. రెండు చోట్లా ఉమ్మడిగా ఉన్న గింజ ఒక్కటే, మెంతులు. ఆ మెంతుల్ని రెండు దేశాల అధికారులూ వెనక్కి తరుముకుంటూ పోతే దారులు రెండూ ఈజిప్టు నుంచి 2009 చివర్లో ఓడ మీద వచ్చిన సుమారు 15 టన్నుల ఒకే లాట్ దగ్గర కలిశాయి. గింజల్లో ఎంత వెతికినా ఆ బ్యాక్టీరియా దొరకలేదు. ఈజిప్టు అధికారులు తమ సరుకుదే తప్పని ఒప్పుకోలేదు. అయినా కాగితాల సాక్ష్యం బలంగా ఉండటంతో యూరోపియన్ యూనియన్ ఆ గింజల్ని మార్కెట్ నుంచి తీసేయించి, దిగుమతిని కొన్ని నెలలు ఆపింది.

పశువైద్యుల పాత్ర ఇందులో చాలామంది గమనించరు. షిగా విషం తయారు చేసే ఇ.కోలై అనగానే అందరి చూపూ ఆవుల మీదకు పోతుంది. అలాంటి రకాల్లో చాలావాటికి పశువుల పేగే ఇల్లు. వ్యాప్తి తీవ్రంగా ఉన్న ఉత్తర జర్మనీ ప్రాంతంలోని పశువుల పేడను పరీక్షించారు. ఓ104:హెచ్4 ఎక్కడా కనిపించలేదు. 'ఇక్కడ లేదు' అన్న ఆ జవాబు విలువ తక్కువేం కాదు. అది రాకపోతే పాడి రైతుల మీద ఎంత అనుమానం కమ్ముకునేదో స్పెయిన్ దోసకాయ రైతులను చూస్తే అర్థమవుతుంది.

ఒక కబురు ఎన్ని బల్లలు దాటాలి

వ్యాప్తి ముగిశాక జర్మనీ తన లోపాల్ని తవ్వుకుంది. అప్పటి చట్టం ప్రకారం డాక్టరు చెప్పిన కేసు స్థానిక ఆరోగ్య కార్యాలయానికి, అక్కడి నుంచి వారానికోసారి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి మళ్లీ వారం లోపు బెర్లిన్‌కు వెళ్లాలి. ఎవరూ నిర్లక్ష్యం చేయకపోయినా, అందరూ నియమం ప్రకారమే నడిచినా, ఒక కేసు రాజధాని బల్ల మీదకు చేరడానికి రెండు వారాలు పట్టవచ్చు. మే 19న ఫోన్ మోగకపోయి ఉంటే ఇంకా ఆలస్యమయ్యేది. 2013లో చట్టం మార్చారు. ఇప్పుడు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మర్నాటి పనిదినానికల్లా వెళ్లాలి.

దెబ్బ తగలక ముందే ఏర్పాటు చేసుకున్న దేశమూ ఉంది. డెన్మార్క్ 1994లోనే పశువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల కోసం ఒక కేంద్రం పెట్టి వైద్యులు, పశువైద్యులు, ఆహార తనిఖీవాళ్లు తమ లెక్కలు ఒకే చోట చేర్చే పద్ధతి తెచ్చింది. రోగుల్లో దొరికిన సాల్మొనెల్లా రకాల్ని కోళ్లలో, పందుల్లో, గుడ్లలో దొరికిన రకాలతో ఏటా పోల్చి చూస్తారు. ఎంతమంది గుడ్ల వల్ల, ఎంతమంది పందిమాంసం వల్ల జబ్బుపడ్డారో అంచనా కడతారు. ఏ ఫారాల మీద దృష్టి పెట్టాలో దాన్నిబట్టే తేలుతుంది. అమెరికాలో 1993లో ఉడకని హాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడి నలుగురు పిల్లలు చనిపోయాక, 1996 నుంచి రాష్ట్రాల ల్యాబులు బ్యాక్టీరియా జన్యు గుర్తుల్ని ఒకే ఖజానాలో వేస్తున్నాయి. వెయ్యి మైళ్ల దూరంలో ఉన్న ఇద్దరు రోగులది ఒకే మూలమని ఆ ఖజానా చెబుతుంది.

మన హాస్టల్ దగ్గరికొస్తే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వేసిన అంచనా ప్రకారం కలుషిత ఆహారం వల్ల ఏటా 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారు. 4,20,000 మంది చనిపోతున్నారు. వాళ్లలో దాదాపు మూడో వంతు అయిదేళ్లలోపు పిల్లలు. మన దగ్గర ఈ వార్త జిల్లా పేజీలో ఒక మూలకు వస్తుంది: ఫలానా గురుకులంలో ఫుడ్ పాయిజన్, ఇంతమంది విద్యార్థినులకు అస్వస్థత, నిలకడగా ఆరోగ్యం. మూడో రోజు నుంచి ఆ వార్త కనిపించదు. ఏ బ్యాక్టీరియా, ఏ వంటకం, ఏ పొరపాటు అన్న ప్రశ్నకు జవాబు పాఠకుడికి ఎప్పుడూ రాదు.

జవాబు రాకపోవడానికి కారణం చాలాసార్లు మొదటి రెండు మూడు గంటల్లోనే ఉంటుంది. పిల్లలకు వాంతులు మొదలుకాగానే వార్డెన్ భయపడి గిన్నెలు కడిగించేస్తారు. మిగిలిన కూర పారబోస్తారు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి యాంటిబయాటిక్ ఇస్తారు. మలం నమూనా తీసుకోవాలన్న ఆలోచన వచ్చేసరికి మందు పడిపోయి ఉంటుంది, ఇక పరీక్షలో ఏమీ పెరగదు. నెత్తురు విరేచనాలైతే యాంటిబయాటిక్ విషయంలో డాక్టర్లు ఇంకా ఆచితూచి అడుగు వేయాలి. షిగా విషం తయారు చేసే రకమైతే కొన్ని మందులు ఆ విషాన్ని ఇంకా ఎక్కువగా విడుదల చేయించవచ్చు. మర్నాడు ఫుడ్ సేఫ్టీ అధికారి వచ్చి స్టోర్‌రూములోని బియ్యం, నూనె, కారం శాంపిళ్లు తీసుకుంటారు. పిల్లలు తిన్నది అవి కావు. నిన్న రాత్రి గిన్నెలో ఉన్న పులిహోర.

వడ్డించే ముందు టీచర్లు రుచి చూడాలన్న నియమం మధ్యాహ్న భోజన పథకంలో ఉంది. ఉండవలసిన నియమమే. మాడినా, పులిసినా, పురుగు పడినా తెలుస్తుంది. కానీ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా, దాని విషం ఉన్నంత మాత్రాన అన్నం రుచి మారదు. రుచి చూసిన టీచరు కూడా పిల్లలతోపాటే ఆసుపత్రిలో చేరవచ్చు.

బాక్స్: తిన్న ఎన్ని గంటలకు?

*ల్యాబు ఫలితం రాకముందే గడియారం కొంత చెబుతుంది. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే వంటకంలో ముందే తయారై ఉన్న విషం మీద అనుమానం. వండేవాళ్ల చేతి పుండు నుంచి, ముక్కు నుంచి చేరే స్టెఫైలోకాకస్, లేదా వండి చాలాసేపు బయట వదిలేసిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్. ఈ విషాలు మళ్లీ వేడి చేసినా పోవు. 8 నుంచి 16 గంటలకు కడుపునొప్పి, విరేచనాలు వచ్చి వాంతులు తక్కువగా ఉంటే, పెద్ద గిన్నెల్లో వండి నెమ్మదిగా చల్లారిన మాంసం, కూరల వైపు చూడాలి. సగం రోజు నుంచి మూడు రోజుల మధ్య జ్వరంతో కలిసి వస్తే సాల్మొనెల్లా కావచ్చు; కోడిమాంసం, గుడ్లు, కలుషిత నీళ్లు అన్నీ అడగాలి. నెత్తురు విరేచనాలు మూడు నాలుగు రోజుల తర్వాత వస్తే నిన్నటి భోజనం గురించి అడిగి లాభం లేదు, వారం మొత్తం అడగాలి.*

మనకు అనుకూలమైన సంగతులూ ఉన్నాయి. ఆహార భద్రత ప్రాధికార సంస్థ, జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం రెండూ కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కిందే ఉన్నాయి. జర్మనీలో ఆ సౌకర్యం లేదు. 2004లో మొదలైన వ్యాధి నిఘా కార్యక్రమం కింద ప్రతి జిల్లాకూ నిఘా అధికారి ఉన్నారు. 2021 నుంచి కేసుల సమాచారం డిజిటల్ వేదిక మీద రోజువారీగా చేరుతోంది. 2006 నాటి ఆహార భద్రత చట్టంలోని 35వ సెక్షన్ ప్రకారం, నోటిఫై చేసిన ప్రాంతంలో ఫుడ్ పాయిజన్ కేసులన్నిటినీ డాక్టర్లు తెలియజేయాలని ఆదేశించే అధికారం కూడా ఉంది. ముడి గుడ్డుతో చేసే మయోనైజ్ వల్ల జబ్బులు వస్తున్నాయని 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. నిర్ణయం త్వరగా తీసుకున్నారు. ఆ గుడ్లు ఏ ఫారం నుంచి వచ్చాయి, ఆ కోళ్లలో సాల్మొనెల్లా ఉందా అన్నది పశుసంవర్ధక శాఖ చూడవలసిన పని. హోటల్ మీద చర్య తీసుకున్నంత మాత్రాన ఫారం బాగుపడదు.

కాబట్టి జిల్లా స్థాయిలో కావలసింది కొత్త కార్యాలయం కాదు. నిఘా అధికారి, ఫుడ్ సేఫ్టీ అధికారి, పశువైద్యాధికారి, నీటి సరఫరా ఇంజినీరు, మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగంవాళ్లు ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర ఉంచుకుని, ఏడాదికోసారైనా ఒక ఉత్తుత్తి సంఘటన మీద కలిసి పనిచేసి చూడాలి. రోగి మలం, మిగిలిన కూర, వంట నీళ్లు, వండినవాళ్ల చేతుల నుంచి తీసిన నమూనాలు ఒకే కేసు నంబరు కింద వెళ్లాలి. ఇప్పుడు అవి వేర్వేరు ల్యాబులకు వెళ్లి, వేర్వేరు తేదీల్లో, వేర్వేరు అధికారులకు ఫలితాలుగా తిరిగొస్తుంటాయి. పత్రికలతో మాట్లాడేది ఎవరో ముందే తేల్చుకోవాలి. హాస్టళ్లలో ప్రతిపూటా వండిన ప్రతి వంటకం నుంచి ఓ గరిటెడు శుభ్రమైన డబ్బాలో తీసి ఫ్రిజ్‌లో రెండు రోజులుంచే అలవాటు పెడితే, దర్యాప్తుకు అంతకు మించిన సాయం లేదు. ఖర్చు దాదాపు శూన్యం.

ఇక మిగిలింది సరుకు దారి. 2013 నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మొలకలు గానీ, మొలకెత్తించే గింజలు గానీ పంపాలంటే అవి పరిశుభ్రమైన పద్ధతుల్లో తయారయ్యాయని ధ్రువపత్రం జతచేయాలి. ఆ గింజలు తిరిగిన ప్రతి చోటా లాట్ వివరాలు రాసి ఉంచాలి. మొలకెత్తించడానికి మన దేశం నుంచి వెళ్లే మెంతులు, పెసలకూ అదే నియమం. అదే మెంతులు మన ఊరి కిరాణా కొట్టులో గోనెసంచిలోంచి తూకం వేసి పొట్లం కట్టిస్తారు. ఆ సంచి ఖాళీ కాకముందే ఇంకో మిల్లు నుంచి వచ్చిన సరుకు దానిలోనే పోస్తారు. రేపు మన దగ్గర ఎవరైనా పళ్లెం నుంచి వెనక్కి నడవడం మొదలుపెడితే ఆ దారి కొట్టు గుమ్మం దాటి పోదు. టోకు వ్యాపారి ఏ రోజు ఎవరి సరుకు ఏ కొట్టుకు వేశాడో రాసుకునే చిట్టా, సంచి మీద కుట్టిన లాట్ చీటీ, సరుకు అయిపోయేదాకా ఆ చీటీని చించకుండా ఉంచడం: దర్యాప్తు చేసేవాళ్లకు ఈ మూడూ ఉంటే చాలు.